వాడిన నీళ్ళ బేరం

పాతపట్నంలో మా మామ్మ ఇంట్లో నీళ్ళు ఒక్కసారి వాడి వదిలేసేవి కావు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి పోయేవి. మిగిలిన గంజీ అందులోకే. గిన్నెలు తోమిన నీళ్ళు అరటి పాదుల్లోకి, నూతి గట్టు మీద స్నానం చేసిన నీళ్ళు చిన్న కాలవ గుండా కొబ్బరిచెట్టు మొదట్లోకి. చెయ్యి కడుక్కుని చెంబులో మిగిలినవి నేను వాకిట్లో పారబోస్తే, "ఆ నీళ్ళేటి అలగ పారబోసేస్తన్నావు, కరేపాకు మొక్కకెయ్యి" అని కేకేసేది. మా ఆవు తాగగా మిగిలిన కుడితి పక్కింటి గేదెకు వెళ్ళేది. బదులుగా అప్పుడప్పుడూ ఓ చెంబుడు మజ్జిగ వచ్చేది.

వాడిన నీటికి బేరం కుదరడం నేను చూసింది అక్కడే మొదటిసారి. ఎందుకు కుదిరిందో ఇప్పుడాలోచిస్తే చాలా మామూలు కారణాలే కనిపిస్తాయి. గేదె పక్కింట్లోనే ఉంది. అది రోజూ తాగుతుంది. కుడితి కంటే చవగ్గా దానికి ఇంకేదీ దొరకదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గోలెం పొంగి వాకిలి కంపు కొట్టేది.

వీధిలోకొస్తే లెక్క మారుతుంది. మా ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది. (మహేంద్రగిరి వైపు నుంచి ఇదే పేరుతో రెండు నదులు దిగుతాయి. ఒకటి బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది, మాది వంశధారలో కలుస్తుంది. బయటివాళ్ళకి ఈ రెంటితో ఎప్పుడూ తికమకే.) మా దగ్గరకు వచ్చే ముందు అది పర్లాకిమిడిని పలకరించి వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన ఊరు అది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. రాష్ట్రాలు రెండయ్యాయి గానీ, రెండూళ్ళ వాడుక నీళ్ళూ ఇప్పటికీ ఆ ఏటి వైపే దిగుతాయి.

ఊరు దాటాక ఏటి ఒడ్డున మా మావయ్యకు కొంచెం మెట్టు ఉంది. వేసవిలో ఏరు సన్నగా మారాక ఇంజను పెట్టి నీళ్ళు తోడి గోంగూర, బెండ, వంగ పండిస్తాడు. రెండేళ్ళ కింద ఓ సాయంత్రం ఆ ఇంజను పక్కన కూర్చుని, నేను చదువుతున్న సంగతులు చెప్పాను. నగరాలు మురుగునీటిని శుభ్రం చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నాయని, కొనేవాళ్ళు దొరక్క తంటాలు పడుతున్నాయని. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "ఈ నీలు అమ్మడానికి ఆలెవులు? పదిమందీ మొకాలు కడిగి ఇడిసీసిన నీలివి."

కొనేదెవరు అన్న ప్రశ్న మీద కావలసినన్ని నివేదికలున్నాయి. అమ్మడానికి వాళ్ళెవరు అన్న ప్రశ్న వాటిలో నాకు పెద్దగా కనబడలేదు. అందుకని చరిత్ర వైపు వెళ్ళాను.

*

మురుగును అమ్ముకోవచ్చన్న ఆశ పాతదే. 1842లో బ్రిటన్ కార్మికుల పారిశుధ్యం మీద ఎడ్విన్ చాడ్విక్ పెద్ద నివేదిక రాశాడు. పట్నాల మురుగును పొలాలకు మళ్ళించి అమ్మితే, కాలవలు తవ్విన ఖర్చు అందులోంచే రాబట్టుకోవచ్చని ఆయన నమ్మకం. ఆయనకు ఉదాహరణ ఎడిన్‌బరో. అక్కడ ఊరి మురుగు పారే వాగు కింద పచ్చిక బయళ్ళుండేవి. ఏడాదికి ఎన్నో కోతలు గడ్డి వచ్చేది, పాలవాళ్ళు ఎగబడి కొనేవాళ్ళు. 1862లో వచ్చిన 'లే మిజరాబ్ల్'లో విక్టర్ హ్యూగో కథను పక్కన పెట్టి మరీ, ఎరువు కావలసిన పారిస్ మురుగు సముద్రం పాలవుతోందని పేజీలకు పేజీలు బాధపడ్డాడు. పారిస్ కొన్నేళ్ళకే జెన్‌విలియే మైదానంలో మురుగుతో కూరగాయలు పండించడం మొదలుపెట్టింది. 1870లలో బెర్లిన్ నగరం చుట్టూ పొలాలు కొని వాటిలోకి మురుగు పారించింది. అక్కడి మురుగు పొలాల్లో కొన్ని ఇరవయ్యో శతాబ్దం రెండో సగం దాకా నడిచాయి.

చాడ్విక్ లెక్క మాత్రం తేలలేదు. పట్నం రోజూ స్నానం చేస్తుంది. పొలానికి రోజూ నీళ్ళక్కర్లేదు. పైగా వాన కురిసినరోజున కాలవల్లో మురుగు రెట్టింపవుతుంది, పొలానికి సరిగ్గా ఆరోజే ఏమీ వద్దు. అమ్మేవాడికి సరుకు నిలవ పెట్టుకునే వీలు లేదు, కొనేవాడికి తొందర లేదు. ఇలాంటి బేరంలో ధర ఎటు పోతుందో సంతలో సాయంత్రం దాకా టమాటాలు పెట్టుకు కూర్చున్న ఎవర్నడిగినా చెప్తారు. చివరికి నగరాలు ఆదాయం ఆశ వదులుకుని, ఆ పొలాల్ని మురుగు వదిలించుకునే చోట్లుగానే చూడటం మొదలుపెట్టాయి. ఎంత పడితే అంత పారించేసరికి బెర్లిన్ పొలాల మట్టిలో భార లోహాలు పేరుకుపోయి, అక్కడ తిండి పండించడానికే పనికి రాకుండా పోయింది.

అంటే రైతు కంటే నిలకడగా, ఏడాది పొడుగునా, వానొచ్చినా ఎండొచ్చినా ఒకే మోతాదులో నీళ్ళు తాగే గేదె కావాలి. ఆ గేదె ఫ్యాక్టరీ రూపంలో దొరికింది. మొదట దొరికిన పెద్ద ఫ్యాక్టరీ అమెరికాలో, బాల్టిమోర్ దగ్గర స్పారోస్ పాయింట్‌లోని బెత్లెహేమ్ స్టీల్ కర్మాగారం. సముద్రపు పాయ ఒడ్డునున్న ఆ ఫ్యాక్టరీ తన బావుల్లోంచి తోడి తోడి, చివరికి ఆ బావుల్లోకి ఉప్పునీరు రప్పించుకుంది. ఉక్కును చల్లార్చడానికి నీళ్ళు కావాలి, నగరం తాగే నీళ్ళు అంత ఇవ్వదు. దగ్గర్లోనే బాల్టిమోర్ నగరం మురుగును శుద్ధి చేసి పాయలోకి వదిలేస్తోంది. ఏబెల్ వోల్మన్ అనే ఇంజనీరు ఈ రెంటినీ కలిపాడు. (తాగేనీటిలో క్లోరిన్ ఎంత కలపాలో లెక్క కట్టినవాళ్ళలో ఆయన ఒకడు.) 1942 నుంచి నగరపు వాడిన నీళ్ళు ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలైంది. ఒక దశలో రోజుకు దాదాపు 10 కోట్ల గ్యాలన్లు. దశాబ్దాల పాటు ప్రపంచంలో ఇంత పెద్ద బేరం ఇంకోటి లేదు.

మామ్మ గేదె షరతులన్నీ ఇక్కడ ఉన్నాయి. దగ్గర, రోజూ, వేరే చవక దారి లేదు. ఆ మూడోది వచ్చింది మాత్రం బావులు చెడగొట్టుకున్నాకే. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఇంకోటి కూడా. 2012లో స్పారోస్ పాయింట్ ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. బాల్టిమోర్ మాత్రం స్నానాలు మానలేదు.

*

మన దేశంలో ఈ కథ జరిగిన చోటు మాకు బాగా తెలిసిన దారిలోనే ఉంది. శ్రీకాకుళం నుంచి పనులకని చెన్నై వెళ్ళేవాళ్ళు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. రైలు గూడూరు దాటి, తమిళనాడులోకి దిగి, చెన్నై ఇంకో గంట ఉందనగా మింజూరు, ఎన్నూరు స్టేషన్ల మీదుగా పోతుంది. కిటికీలోంచి ఉప్పు మడులు, పొగగొట్టాలు కనబడతాయి. ఆ పక్కనే మనలి.

1960ల చివర్లో మనలి దగ్గర మద్రాస్ రిఫైనరీస్ వచ్చింది. (2000 నుంచి దాని పేరు చెన్నై పెట్రోలియం.) 1970ల మొదట్లో మద్రాస్ ఫెర్టిలైజర్స్ ఎరువుల ఉత్పత్తి మొదలుపెట్టింది. రెంటికీ చల్లార్చే టవర్ల కోసం రోజూ నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు మింజూరు చుట్టుపక్కల బావుల నుంచి వచ్చాయి. ఆరణి, కొర్తలయ్యార్ నదుల కింద ఇసక పొరల్లో నిలవున్న మంచినీళ్ళవి. కొన్నేళ్ళు తోడేసరికి సముద్రం భూమి కింద నుంచి కొన్ని కిలోమీటర్లు లోపలికి వచ్చేసింది. మింజూరు రైతుల బావులు ఉప్పెక్కాయి. అచ్చం స్పారోస్ పాయింట్ కథే. తేడా ఏమిటంటే అక్కడ చెడింది ఎక్కువగా ఫ్యాక్టరీ సొంత బావులు, ఇక్కడ చెడినవాటిలో ఊళ్ళ బావులున్నాయి.

చెన్నైకి నీళ్ళ కరువు కొత్త కాదు. తెలుగువాళ్ళకి అందులో బాగా గుర్తున్న అధ్యాయం తెలుగుగంగ. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఒప్పందం జరిగింది. మూడు కృష్ణా రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు వదులుకుంటే, దారిలో ఆవిరయ్యేది పోను 12 టీఎంసీలు చెన్నైకి చేరాలి. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వందల కిలోమీటర్లు నడిచి ఆ నీళ్ళు మొదటిసారి పూండి చేరింది 1996లో. పూలు చల్లారు, ఫొటోలు తీశారు, పత్రికల్లో మొదటి పేజీ.

అదే చెన్నైకి ఆ నీళ్ళు రాకముందే, 1990ల మొదట్లో, ఇంకో నీళ్ళు ఎవరూ పూలు చల్లకుండా మనలి చేరాయి. ఉత్తర చెన్నైలో కొడుంగయ్యూరు మురుగు శుద్ధి కేంద్రం నుంచి రెండో విడత దాకా శుభ్రం చేసిన నీటిని మెట్రోవాటర్ బోర్డు ఈ ఫ్యాక్టరీలకు అమ్మింది. మొదటి విడతలో బురదను అడుక్కి దించుతారు. రెండో విడతలో మిగిలిన మలినాన్ని సూక్ష్మజీవులకు తినిపిస్తారు. దాన్ని ఇంకా వడకట్టి, రివర్స్ ఆస్మాసిస్ పొరల గుండా తోసి తమకు పనికొచ్చేలా చేసుకునే పని ఫ్యాక్టరీలే నెత్తికెత్తుకున్నాయి. మంచినీళ్ళ కోసం మెట్రోవాటర్‌కు కట్టే ధరతో పోలిస్తే, సొంతంగా శుద్ధి చేసుకున్నా ఇదే గిట్టుబాటు. పైగా కరువొస్తే ముందు ఆగేది ఫ్యాక్టరీకిచ్చే మంచినీళ్ళే. జనం నీళ్ళు వాడినంతకాలం మురుగు ఆగదు. మేనేజర్లకి ధర కన్నా ఈ భరోసాయే ఎక్కువ విలువైందని నా అనుమానం.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. కొన్న ఫ్యాక్టరీల్లో ఒకటి ఎరువుల ఫ్యాక్టరీ. చాడ్విక్, హ్యూగో మురుగులో చూసిన సంపద నత్రజనే, అదే ఎరువు. కానీ చల్లార్చే టవరుకి నత్రజనీ భాస్వరమూ పనికిరావు. వాటివల్ల నాచు పడుతుంది, గొట్టాలు తుప్పు పడతాయి, పొలుసు కడతాయి. అందుకని మురుగులోని ఎరువును డబ్బు ఖర్చు పెట్టి తీసి పారేస్తారు. అలా శుభ్రమైన నీళ్ళతో, 2019 దాకా నాఫ్తా కాల్చి నడిపిన ఫ్యాక్టరీని చల్లార్చుతూ, గాలిలోంచి నత్రజని లాగి యూరియా చేస్తారు. ఆ యూరియాను బస్తాల్లో రైతుకు అమ్ముతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రతి అంగలోనూ లెక్క సరిగ్గానే ఉంది. కానీ మా మామ్మకు చెబితే నా మొహంలోకి ఓసారి చూసి లేచిపోయేది.

2019 వేసవిలో చెన్నై చెరువులన్నీ ఎండిపోయి ప్రపంచమంతా వార్తయింది. ఆ ఏడే కొడుంగయ్యూరులో, కోయంబేడులో మూడో విడత శుద్ధి కేంద్రాలు నడవడం మొదలుపెట్టాయి. ఒక్కోటి రోజుకు 4.5 కోట్ల లీటర్లు. ఈసారి శుద్ధి చేసేది బోర్డే. కోయంబేడు నీళ్ళు శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కార్ల ఫ్యాక్టరీల దాకా గొట్టాల్లో వెళ్తాయి. నాగపూర్ మురుగు కోరాడి థర్మల్ కేంద్రానికి వెళ్తోంది, సూరత్ మురుగు పాండేసర బట్టల మిల్లులకు వెళ్తోంది. 2016లో కేంద్రం విద్యుత్ టారిఫ్ విధానాన్ని సవరిస్తూ, మునిసిపల్ శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడుకోవాలని చెప్పింది. సింగపూర్‌లో 2003 నుంచి నీవాటర్ పేరుతో వస్తున్న నీళ్ళలో ఎక్కువ భాగం తాగేది మనుషులు కాదు, చిప్‌లు చేసే ఫ్యాక్టరీలు. చిప్‌లకు కావలసినంత శుద్ధి మన గొంతుకు అవసరం లేదు. నమీబియా రాజధాని విండ్‌హోక్ మాత్రం 1968 నుంచీ నేరుగా తాగుతోంది, దానికి ఇంకో దారి లేదు గనక.

*

ఇంతవరకూ అమ్మిన వాళ్ళ కథ. వీళ్ళెవరూ అమ్మకముందు ఆ నీళ్ళు ఏమవుతుండేవి? సముద్రంలోకి 'వృథాగా' పోయేవని నివేదికలు రాస్తాయి. తీర నగరాల్లో అది చాలావరకు నిజమే. లోతట్టు నగరాల్లో కాదు.

హైదరాబాద్ చూడండి. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో పూర్తయింది, రెండోది 1927లో. వరద ఆగింది, తాగునీళ్ళు వచ్చాయి. నగరం దిగువన మూసీకి వేసవి నీళ్ళు లేకుండా పోయాయి. తర్వాత నగరం పెరిగింది. మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకుంది. అవన్నీ వంటిళ్ళలో, స్నానాల గదుల్లో తిరిగి మూసీలో పడ్డాయి. ఎండిపోయే ఏరు పన్నెండు నెలలూ పారే ఏరైంది. అంబర్‌పేట, ఉప్పల్ దాటాక పాతకాలపు కత్వల దగ్గర నీటిని మళ్ళించి రైతులు పండించుకున్నారు. ముందు వరి వేసేవాళ్ళు. మురుగులో ఉప్పు శాతం పెరిగేకొద్దీ నగరానికి దగ్గరి పొలాల్లో వరి దిగుబడి పడిపోయింది. పారా గడ్డి మాత్రం ఈ నీళ్ళంటే ప్రాణం పెడుతుంది. రోజూ తెల్లవారకముందే కోసి, కట్టలు కట్టి, నగరంలోని గేదెలకు అమ్మేవాళ్ళు. ఎడిన్‌బరోలో పాలవాళ్ళు చేసిందీ ఇదే. నగరం వాడి వదిలిన నీళ్ళు గడ్డై, పాలై, మళ్ళీ పొద్దున్నే నగరం కాఫీలోకి వచ్చేవి.

ఇందులో ఒప్పందం కాగితం లేదు, ధర లేదు, మీటరు లేదు. కోత కోసేవాళ్ళ కాళ్ళకు పుళ్ళు, కడుపులో కొంకిపురుగులు కూడా ఉన్నాయి. నేను దీన్ని అందంగా చూపించబోవడం లేదు. మోకాళ్ళ దాకా ఆ నీళ్ళలో దిగి గడ్డి కోసిన ఆడవాళ్ళలో ఎక్కువమంది కూలికి వచ్చినవాళ్ళు, నీళ్ళ మీద వాళ్ళకు హక్కు సరే, పొలం మీద కూడా లేదు. కానీ మురుగును పెద్ద ఎత్తున వాడుకోవడం కొత్తగా కనిపెట్టాలన్నట్టు మాట్లాడే ప్రతి సమావేశంలోనూ ఈ గడ్డి కట్టను ఎవరైనా బల్ల మీద పెడితే బావుంటుందనిపిస్తుంది. వాడుకున్నారు. వాడుకున్నవాళ్ళని కొనుగోలుదారుల పట్టీలో రాసుకోలేదంతే.

కోలారుది ఇంకో తీరు. కర్ణాటకలో ఉన్నా బజారుకెళ్తే తెలుగు ఎటు చూసినా వినబడే జిల్లా అది, ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా కూడా. చెరువులు ఎండి, బోర్లు వందల అడుగులు దిగాక, బెంగళూరు మురుగును రెండో విడత దాకా శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు చెరువులకు ఎత్తిపోసే పథకం వచ్చింది. కోరమంగల-చల్లఘట్ట వాలు పేరు మీద దాన్ని కేసీ వ్యాలీ అంటారు. 2018 జూన్‌లో నీళ్ళు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. మరుసటి నెల నురగలు వచ్చాయి. హైకోర్టు ఆపింది, మళ్ళీ వదిలింది. 2019లో సుప్రీంకోర్టు కొన్నాళ్ళు ఆపి, అదీ తర్వాత వదిలింది. మూడో విడత శుద్ధి లేకుండా ఈ నీళ్ళు భూమిలోకి ఇంకించొద్దని ఉద్యమకారులు ఇప్పటికీ పట్టుబడుతూనే ఉన్నారు. బోర్లలో నీళ్ళు పైకొచ్చిన రైతు ఈ వాదన విని తల ఊపుతాడు గానీ మోటారు ఆపడు.

ఇక్కడ రైతు డబ్బు కట్టక్కర్లేదు. ప్రభుత్వమే ఒక చేత్తో అమ్మి ఇంకో చేత్తో కొన్నట్టు. మరి ఈ నీళ్ళు ముందు ఎక్కడికి పోయేవి? బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో పడి తమిళనాడులో హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం వైపు పోయేవి. కోలారులో కొత్త నీళ్ళేం పుట్టలేదు, దారి మారింది. కోలారుకు దక్కిందని నాకు సంతోషమే, మా అమ్మమ్మ వైపు చుట్టాలు కొందరు అక్కడున్నారు. అయినా దిగువన ఇంకెవరి ఇంజనో పక్కన మా మావయ్య లాంటివాడు కూర్చుని ఉంటాడన్న ఆలోచన పోదు.

*

మావయ్య అడిగిన ప్రశ్నను ఓ కోర్టు నిజంగానే విచారించింది, ఆరిజోనాలో. ఫీనిక్స్ నగరానికి పడమర ఎడారిలో పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం ఉంది. పక్కన సముద్రం లేదు, నది లేదు, చెరువు లేదు. అది 1986లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచీ తన టవర్లను ఫీనిక్స్ చుట్టుపక్కల నగరాల మురుగుతోనే చల్లార్చుకుంటోంది. అంతకుముందు ఆ నీళ్ళు శుద్ధి అయ్యాక నదీగర్భంలోకి వదిలేవాళ్ళు. దిగువన పొలాలవాళ్ళు వాటిని తోడుకునేవాళ్ళు. నగరాలు వాటిని అణు కేంద్రానికి అమ్మేసరికి వాళ్ళు కోర్టుకెక్కారు. ఈ నీళ్ళ మీద ఏళ్ళ తరబడి ఆధారపడ్డాం, ఇప్పుడు మళ్ళించడానికి మీకు హక్కెక్కడిది అన్నారు.

1989లో ఆరిజోనా సుప్రీంకోర్టు నగరాల వైపే తీర్పు చెప్పింది. నగరం చేతిలో ఉన్నంతసేపు ఆ మురుగు అక్కడి చట్టం లెక్కలో నది నీరూ కాదు, భూగర్భ జలమూ కాదు, దాన్ని అమ్ముకోవచ్చు అంది. ఒకసారి నదిలోకి వదిలాక దిగువవాళ్ళు వాడుకోవచ్చు గానీ, వదులుతూనే ఉండమని నగరాన్ని బలవంతపెట్టే హక్కు వాళ్ళకు లేదంది. 2010లో అణు కేంద్రం ఆ ఒప్పందాన్ని 2050 దాకా పొడిగించుకుంది.

అణు కేంద్రానికి, పొలానికి ఒక తేడా ఉంది, తీర్పుల్లో అది పెద్దగా కనబడదు. పొలంలో పారిన నీళ్ళలో కొంత భూమిలోకి ఇంకుతుంది, కొంత తిరిగి ఏట్లోకి జారుతుంది. చల్లార్చే టవరులోకి వెళ్ళిన నీళ్ళలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, దిగువకు ఇక రాదు. ఫ్యాక్టరీకి మురుగు అమ్మితే మంచినీళ్ళు మిగులుతాయన్న మాట నిజమే, కానీ ఒక షరతు మీద. ఫ్యాక్టరీ అప్పటిదాకా వాడుతున్న మంచినీళ్ళు వెనక్కివ్వాలి. అవి ఇవ్వకుండా ఇవి కూడా తీసుకుంటే ఏటికి రెండు వైపులా కోతే.

మా వైపు ఫ్యాక్టరీలంటే విశాఖే. అక్కడ ఉక్కు కర్మాగారానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చాలామంది విశాఖవాళ్ళకే తెలియదు. ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలవలో నడిచి, కణితి దగ్గర జలాశయంలో ఆగి, ఫ్యాక్టరీలోకి వెళ్తాయి. చాలనప్పుడు గోదావరి నీళ్ళనూ ఆ కాలవలోకి తోడుతారు. నగరం తన మురుగును శుద్ధి చేసి పరిశ్రమలకు ఇవ్వాలన్న ప్రణాళికలు ఏళ్ళుగా ఉన్నాయి, ఇంకా ఉంటాయి. కాలవలో నీళ్ళు చవగ్గా వస్తున్నంతకాలం అవి ఎంత వేగంగా నడుస్తాయో ఊహించడం కష్టం కాదు. బాల్టిమోర్, మనలి బావుల్లోకి ఉప్పు వచ్చేదాకా ఆగాయి. విశాఖ ఆ ఉప్పు కోసం ఆగకూడదని నా కోరిక. ఫ్యాక్టరీకి మంచినీటి ధర మురుగు శుద్ధి ఖర్చు కన్నా ఎక్కువ పెట్టడం ఒక్కటే ఇంతవరకూ ఎక్కడైనా పనిచేసిన మందు. అది ఏ ప్రభుత్వానికీ ఇష్టమైన మందు కాదు. ఆ ధర పెట్టేరోజున, కాలవలో మిగిలే ఏలేరు నీళ్ళు ఏ పొలానికి వెళ్తాయో కూడా అదే కాగితం మీద రాస్తే అప్పుడు నేను ఒప్పుకుంటాను.

పాతపట్నంలో కొనే ఫ్యాక్టరీ లేదు, అమ్మే బోర్డూ లేదు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మావయ్యకు ఆరిజోనా తీర్పు చెప్పాను. ఇంజను ఆపి, పంచెతో మొహం తుడుచుకుని విన్నాడు. "ఒదిలీసిందాక ఆలది, ఒదిలీసినాక మనది. అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "మరి ఒదలకపోతేనో?" నేనేమీ అనలేదు. ఆయన ఇంజను మళ్ళీ వేసి, గోంగూర కట్టలు లెక్క పెట్టి గోతాంలో సర్దాడు. తెల్లారగట్ల మొదటి ఆటోకి అవి పర్లాకిమిడి బజారుకి వెళ్ళాలి.